రెండు వందలకు పైగా నామినేషన్లు, ఒక్క గెలుపూ లేదు: పద్మరాజన్ గురించి, మన ఇండిపెండెంట్ల గురించి

తుంగభద్ర_తీరం (కర్నూలు)

మేట్టూరు పద్మరాజన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. తమిళనాడు సేలం జిల్లాలో టైర్ల రిపేరు షాపు నడుపుకునే మనిషి. 1988లో సొంతూరు మేట్టూరు నుంచి నామినేషన్ వేయడంతో మొదలుపెట్టాడు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ధర్మపురి బరిలో దిగేనాటికి ఇది 239వ ఎన్నిక అని పత్రికలు రాశాయి. స్థానిక ఎన్నికల నుంచి రాష్ట్రపతి ఎన్నిక దాకా దేన్నీ వదల్లేదు. ఇన్నేళ్లలో ఎక్కువ ఓట్లు వచ్చింది 2011లో, మేట్టూరు అసెంబ్లీకి, 6,273. డిపాజిట్ పోవడం ఆయనకు మామూలే.

ఈయనకూ మా జిల్లాకూ ఒక లంకె ఉంది. 1991లో పీవీ నరసింహారావు గారు ఎంపీ కాకుండానే ప్రధాని అయ్యారు. ఆరు నెలల్లో సభకు ఎన్నిక కావాలి. గంగుల ప్రతాపరెడ్డి గారు రాజీనామా చేసి, అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న నంద్యాల ఎంపీ సీటు ఖాళీ చేశారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ తెలుగుదేశం తరఫున ఎవర్నీ నిలబెట్టలేదు. బీజేపీ నుంచి బంగారు లక్ష్మణ్ నిలబడ్డారు. పీవీ 5.8 లక్షల మెజారిటీతో గెలిచారు, గిన్నిస్ బుక్కులోకెక్కింది. ఆ ఉప ఎన్నికకే పద్మరాజన్ మేట్టూరు నుంచి వచ్చి ప్రధాని మీద నామినేషన్ వేశాడు. అప్పుడు తనను కిడ్నాప్ చేశారని తర్వాత చాలాసార్లు పత్రికలకు చెప్పుకున్నాడు.

ఇలాంటి మనిషిని మీరెలా చూస్తారు? నా మటుకు నాకు గౌరవమే. ప్రధాని అయినా సరే, ఎదుట ఎవరైనా నిలబడొచ్చన్న మాటను ఆయన ఆచరణలో పెట్టి చూపించాడు.

కోనసీమ_కుర్రాడు

అన్నా, నాకు మాత్రం అలా అనిపించట్లేదు. పార్లమెంటుకి నిలబడేవాడు గెలిచి పని చేయాలని నిలబడాలి. గెలవడం తన లక్ష్యం కాదని ఆయనే చెప్పాడు. ఇల్లిల్లూ తిరిగిందీ లేదు, ఫలానా సమస్య మీద పోరాడతానన్నదీ లేదు. రికార్డు కోసం బ్యాలెట్ మీద పేరెక్కిస్తే ఓటరుకి ఏం ఒరిగింది? ఆ ఖర్చు మాత్రం మనందరిదీ. ఒక్క పేరు పెరిగితే ఎన్ని ఓటింగ్ మెషీన్లు పెరుగుతాయో మన రిటైర్డ్ డిప్యూటీ తహసీల్దారు (డీటీ) గారు ఉంటే చెబుతారు.

రిటైర్డ్_డీటీ

ఉన్నానండి. నామినేషన్ల సెక్షన్లో చాలా ఎన్నికలు పనిచేశాను కాబట్టి వివరంగానే చెబుతాను.

ముందు మెషీన్ల సంగతి. ఒక బ్యాలెట్ యూనిట్ మీద నోటాతో కలిపి 16 బటన్లు. అంటే 15 మంది అభ్యర్థుల దాకా ఒక్క యూనిట్ చాలు. 16వ మనిషి వచ్చాడంటే ప్రతి బూత్‌లోనూ రెండో యూనిట్ పెట్టాలి. మన దగ్గర ఒక పార్లమెంటు సీటు కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు, పదిహేను వందల పైచిలుకు బూత్‌లు. కాబట్టి కుర్రాడు గారు అడిగిన ఖర్చు నిజమైనదే.

అయితే ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేయడం జనం అనుకునేంత తేలిక కాదు. లోక్‌సభకైతే దేశంలో ఏ నియోజకవర్గంలో ఓటున్నా ఎక్కడైనా పోటీ చేయొచ్చు. అసెంబ్లీకైతే ఆ రాష్ట్రంలోనే ఓటుండాలి. మేట్టూరు మనిషి నంద్యాల ఎంపీ సీటుకి రాగలిగింది అందుకే. కానీ గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు, అంటే నామినేషన్ మీద సంతకం పెట్టే ఓటరు, చాలు, ఇండిపెండెంట్‌కి పదిమంది కావాలి. ఆ పదిమందీ పోటీ చేసే చోటే ఓటర్లై ఉండాలి. వాళ్ల పార్ట్ నంబరు, సీరియల్ నంబరు తప్పు పడితే స్క్రూటినీలో (నామినేషన్ల పరిశీలనలో) ఎగిరిపోతుంది. పైగా ఆస్తులు, కేసులు రాసిచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. వర్తించకపోతే 'వర్తించదు' అనైనా రాయాలి. స్క్రూటినీ తేదీకి ముందే ప్రమాణం చేయాలి. ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి.

లోక్‌సభకు డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు 12,500. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే తిరిగి వస్తుంది, సరిగ్గా ఆరో వంతు వచ్చినా రాదు. ఆ లెక్కలో నోటా ఓట్లు కలపరు. 1991లో పద్మరాజన్ నంద్యాల వచ్చిన నాటికి ఈ డిపాజిట్ 500 రూపాయలే.

మర్రిగూడ_మల్లన్న (నల్లగొండ)

ఆ 500 పదివేలు ఎందుకైందో మా జిల్లోళ్లకు బాగ ఎరుక. 1996ల నల్లగొండ ఎంపీ సీటుకు 480 మంది పోటీల ఉన్నరు. వాళ్లల్ల ఎక్కువ మంది జలసాధన సమితి పిలుపు మీద నిలబడ్డ ఇండిపెండెంట్లు. గెలుస్తమని కాదు, మా నీళ్ల సంగతి దేశానికి తెల్వాలని.

మా దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్. చిన్న పోరగాళ్లకు పండ్ల మీద పసుపు, గోధుమ రంగు గీతలు పడేటివి. ఇంక జర ముదిరితే మోకాళ్లు వంగిపోయేది, మెడ తిరిగేది కాదు. మా మేనత్త పక్కకు చూడాలంటె మొత్తం మనిషే తిరిగేది. అర్జీలు ఎన్ని పెట్టినా ఎవ్వరు పట్టించుకోలే. నామినేషన్లు వెయ్యంగనే ఢిల్లీ పేపర్లు మా ఊర్లకొచ్చినయ్. ఆ ఎన్నికల సీపీఐ ధర్మభిక్షం సారు గెలిచిండు, కని ఆ 480 పేర్లు ఇయ్యాల్టికి జనం యాదిల ఉన్నయ్. కృష్ణా నీళ్లు మా ఊర్లకు వచ్చెతందుకు ఇంక శాన ఏండ్లు పట్టింది, అది వేరే ముచ్చట.

అదే ఏడు తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీకి రైతులు గిట్లనే 1,033 మంది నిలబడ్డరు. ఆడ బ్యాలెట్‌ను పుస్తకం లెక్క కుట్టాల్సొచ్చింది. గా ఎన్నికలైనంకనే చట్టం మార్చిన్రు. ఎంపీ సీటుకు డిపాజిట్ 500 కెళ్లి 10,000 అయింది, ప్రతిపాదకులు పదిమంది అయిన్రు. మా బాధ జూసి నీళ్లియ్యకముందే మా దారి మూసిన్రు.

బెజవాడ_లాయర్

మల్లన్న గారు చెప్పిన మార్పు ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 1996లో దేశమంతా కలిపి లోక్‌సభకు 13,952 మంది పోటీ చేశారు. 1998కి 4,750కి పడిపోయారు. ఒకే మనిషి రెండు సీట్లకు మించి పోటీ చేయకూడదన్న నియమం కూడా ఆ సవరణతోనే వచ్చింది. అంతకుముందే ఇంకో మార్పు జరిగింది. పోలింగ్‌కి ముందు గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే ఎన్నిక ఆగుతుంది, ఇండిపెండెంట్ చనిపోతే ఆగదు. ఉగ్రవాదం రోజుల్లో పంజాబ్‌లో అభ్యర్థుల్ని చంపి ఎన్నికలు ఆపే పరిస్థితి వచ్చింది కాబట్టి దానికి కారణం ఉంది. కారణం ఉన్నా, చట్టం ఇండిపెండెంట్ ప్రాణాన్ని పార్టీ మనిషి ప్రాణంతో సమంగా లెక్కపెట్టలేదన్న బాధ నాకైతే పోలేదు.

పోటీ చేసే హక్కు ప్రాథమిక హక్కు కాదని, చట్టం ఇచ్చిన హక్కు మాత్రమేనని సుప్రీంకోర్టు 1952లో పొన్నుస్వామి కేసు నుంచీ చెబుతోంది. అంటే పార్లమెంటు తలుచుకుంటే కుదించొచ్చు. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో ఇండిపెండెంట్లను అసలు పోటీ చేయనివ్వకూడదని సిఫార్సు చేసింది. అమలు కాలేదు. కాకూడదనే నా కోరిక.

కోనసీమ_కుర్రాడు

లాయర్ గారూ, లా కమిషన్ ఊరికే అన్లేదు కదా. ఓటర్ని తికమక పెట్టడానికి నిలబెట్టే డమ్మీల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. 2004లో కేరళ అలప్పుళలో కాంగ్రెస్ అభ్యర్థి వీఎం సుధీరన్ 1,009 ఓట్లతో ఓడిపోయాడు. అక్కడ వీఎస్ సుధీరన్ అనే ఇండిపెండెంట్‌కి 8 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. 2014లో ఛత్తీస్‌గఢ్ మహాసముంద్‌లో బీజేపీ అభ్యర్థి చందూలాల్ సాహు. ఆ పేరుతోనో దగ్గరి పేరుతోనో ఇంకో పదిమంది ఇండిపెండెంట్లు. అజిత్ జోగి మీద ఆయన 1,217 ఓట్లతో ఎలాగో బయటపడ్డాడు. 2019లో మన భువనగిరిలో కోమటిరెడ్డి వెంకటరెడ్డి మెజారిటీ 5 వేల పైచిలుకు, రోడ్డు రోలర్ గుర్తు మీద నిలబడ్డ ఇండిపెండెంట్‌కి పడ్డ ఓట్లు 27 వేల పైన. ఈవీఎం మీద తమ కారు గుర్తు, రోడ్డు రోలర్ ఒకేలా కనిపించాయని టీఆర్‌ఎస్ వాళ్లు మొత్తుకున్నారు. చూపు ఆనని ముసలమ్మ వేసిన ఓటు ఆమె అనుకున్న మనిషికి చేరకపోతే అదేం ప్రజాస్వామ్యం?

రిటైర్డ్_డీటీ

డమ్మీల్లో బయటికి కనిపించని రకం ఇంకోటి ఉందండి. పెద్ద అభ్యర్థే తన మనుషులతో ఇండిపెండెంట్ నామినేషన్ వేయిస్తాడు. ఆ పేరు మీద వాహనాలకు పర్మిషన్, బూత్‌లో ఒక ఏజెంటు, కౌంటింగ్ హాల్లో టేబుల్‌కొక ఏజెంటు. పేరుకి ఆ మనిషి ఏజెంట్లే, కూర్చునేది మాత్రం పెద్దాయన తరఫున. దీనికి డిపాజిట్ అడ్డే కాదు, పాతిక వేలు వాళ్లకొక లెక్కా? డిపాజిట్ పెంచినప్పుడల్లా ఆగిపోయేది సొంత డబ్బు పెట్టుకునే మనిషే.

ఇందూరు_పసుపు (నిజామాబాద్)

మల్లన్నా, 23 ఏండ్ల తర్వాత మేము మీ బాటనే పట్టినం. 2019ల నిజామాబాద్ ఎంపీ సీటుకు 185 మంది, అందుల 178 మంది రైతులు. పసుపు బోర్డు కావాలె, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలె, ఇంతే మా మాట. అప్పటికి డిపాజిట్ 25 వేలు. ఊర్లల్ల చందాలు ఏసుకున్నం. బూత్‌ల పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగ పెట్టిన్రు. ముసలోళ్లు ఆ కొస నుంచి ఈ కొస దాక నడుసుకుంట గుర్తు ఎతుక్కున్నరు.

సిట్టింగ్ ఎంపీ కవిత గారు ఓడిపోయిన్రు, ధర్మపురి అరవింద్ గారు గెలిచిన్రు. మా రైతులల్ల ఎవ్వలు గెలవలే. గని ఆ తర్వాత ఏ పార్టీ నాయకుడు మా జిల్లాకొచ్చినా పసుపు బోర్డు మాట ఎత్తకుంట పోలే. 2023 అక్టోబరుల ప్రధాని మహబూబ్‌నగర్ సభల ప్రకటించిన్రు. 2025 సంక్రాంతికి మొదలైంది. మా నామినేషన్లే తెచ్చినయని అనను, ధర్నాలు, పాదయాత్రలు ఎన్ని చేసినమో మాకెరుక. గని దేశం మాదిక్కు తిరిగింది ఆ 178 పేర్లతోనే.

డీటీ సారు చెప్పిన పదిమంది ముచ్చట మాకు వారణాసిల తగిలింది. అదే ఎన్నికల ప్రధాని మీద నామినేషన్లు ఎయ్యాలని మా రైతులు ఆడిదాక పోయిన్రు. భాష రాని ఊర్ల పదిమంది ఓటర్లను పట్టుకొని సంతకాలు పెట్టిచ్చుడు ఎంత తిప్పలో! మస్తు నామినేషన్లు తీసేసిన్రు.

పాలమూరు_పిల్ల

అందరూ రైతుల గురించి చెప్తున్నారు, నేను బర్రెలక్క గురించి చెప్తా. శిరీష 2023లో కొల్లాపూర్ అసెంబ్లీకి ఇండిపెండెంట్‌గా నిలబడింది. ఉద్యోగాల నోటిఫికేషన్లు రావట్లేదని, డిగ్రీ చదివి బర్రెలు కాస్తున్నానని వీడియో పెడితే కేసు పెట్టారు ఆమె మీద. ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగితే హైకోర్టు భద్రత ఇవ్వమంది. ఐదు వేల పైచిలుకు ఓట్లొచ్చాయి. నెలలు తిరక్కుండానే 2024లో నాగర్‌కర్నూల్ ఎంపీ సీటుకి మళ్లీ నిలబడింది.

అప్పుడు మా హాస్టల్లో గ్రూప్స్‌కి చదివే అమ్మాయిలం ఆమె విజిల్ గుర్తు గురించి మాట్లాడుకున్నంత ఇంకే పార్టీ గురించీ మాట్లాడుకోలేదు. మాలాంటి ఇంట్లోంచి, మాలాగే టీఎస్‌పీఎస్సీ కోసం ఎదురుచూసిన పిల్ల బ్యాలెట్ మీద ఉంది. రెండోసారి నిలబడినప్పుడు 'మళ్లీనా, దీనికిదే పనా' అన్నవాళ్లున్నారు. పార్టీ అభ్యర్థి మూడుసార్లు ఓడిపోయి నాలుగోసారి టికెట్ తెచ్చుకుంటే అనుభవం అంటారు. ఇండిపెండెంట్ రెండోసారి నిలబడితే పిచ్చి అంటారు. ఇది నాకు అస్సలు నచ్చదు.

పెన్నా_ఒడ్డు (నెల్లూరు)

మా పెదనాన్న హైస్కూల్లో లెక్కల అయ్యవారు. రిటైరయిన కాడి నుంచీ ప్రతి పార్లమెంటు ఎన్నికకీ ఇండిపెండెంటుగా నిలబడేవారు, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ. డిపాజిట్ ఎప్పుడూ రాలేదు. ఆయన అడిగింది ఒకటే: సోమశిల కాలవ చివరి ఆయకట్టుకి నీళ్లు.

ఆయన ఖర్చుల రిజిస్టరు నేనే రాసేవాణ్ణి. ఆఫీసు వాళ్లిచ్చే పుస్తకంలో తెల్ల కాయితాల్లో రోజువారీ ఖర్చు, గులాబీ కాయితాల్లో నగదు, పసుపు కాయితాల్లో బ్యాంకు. టీకి, కుర్చీకి, మైకుకి జిల్లాలో ఒక రేటు నిర్ణయిస్తారు. స్నేహితుడు ఊరికే ఇచ్చిన ఆటోకి కూడా ఆ రేటు ప్రకారం ఖర్చు చూపించాలి. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులు. పెదనాన్న చివరి రూపాయి దాకా రాయించేవారు. పార్లమెంటు అభ్యర్థి 95 లక్షల దాకా పెట్టొచ్చన్న రోజుల్లో మా రిజిస్టరులో పాంప్లెట్లు, ఆటో డీజిలు, టీలు, వడలు తప్ప ఇంకేం ఉండేవి కావు. ఓటర్ల జాబితా పార్టీ అభ్యర్థులకు ఉచితం, మేం కొనుక్కోవాల.

ఓడిపోయాక ఆయనకి అసలు పని మొదలయ్యేది. ఫారం 20 అని, బూత్‌ల వారీగా ఎవరికెన్ని ఓట్లో చూపించే పట్టిక. దాన్ని తెచ్చుకుని స్కేలు పెట్టి ఒక్కో గీతా చదివేవారు. ఒకసారి ఆయన ఎన్నడూ అడుగుపెట్టని ఊరి బూత్‌లో 23 ఓట్లు కనిపించాయి. ఎవరు వేశారని అడగడానికి కాదు, ఎందుకు వేశారో తెలుసుకోవాలని బస్సెక్కి పోయినారు. ఆ ఊళ్లో రైతులు ఆయన పాంప్లెటు ఎవరి దగ్గరో చూసి జిరాక్సు తీసి పంచుకున్నారంట. మీ మాట బాగానే ఉంది గానీ అందులో మా తూము పేరు లేదే అయ్యవారూ అని అడిగినారంట. తర్వాతి ఎన్నికకి పాంప్లెటు వెనక కాలవ పటం గీయించి, తూములన్నీ పేర్లతో సహా వేయించారు. తర్వాత్తర్వాత మండలంలో నీటి మీటింగ్ జరిగితే రైతులు ఆ పటమే పట్టుకుపోయేవాళ్లు.

గెలిచిన ఎంపీలెవరూ ఆ పటం అడగలేదు. కానీ పనికొచ్చింది.

కోనసీమ_కుర్రాడు

పెన్నా అన్నా, మీ పెదనాన్న గారికి నా నమస్కారం. అలాంటివాళ్లు నిలబడాలి. నేనడిగేది, ఆయన్నీ రికార్డు కోసం నిలబడేవాళ్లనీ చట్టం విడదీయలేదా?

తుంగభద్ర_తీరం (కర్నూలు)

విడదీయకూడదనే నేనంటా తమ్ముడూ. మనసులో ఏముందో చూసి నామినేషన్ తీసుకునే అధికారం ఒక ఆఫీసరుకిస్తే ముందు పోయేది మల్లన్న వాళ్ల 480 పేర్లు, ఇందూరు 178 పేర్లు. గెలిచే ఉద్దేశం వాళ్లకూ లేదు కదా? పద్మరాజన్ అడిగేది కూడా ఒక మాటే, సామాన్యుడు నిలబడగలడా అని. దానికి ఓటరు జవాబు చెబుతాడు. ఆయన సొంతూళ్లో 6,273 మంది ఔనన్నారు.

ఇండిపెండెంట్లు గెలవడం కష్టమే. 1957లో 42 మంది లోక్‌సభకు గెలిచారు. 1996లో పది వేల మందికి పైగా నిలబడితే 9 మంది. 2019లో నలుగురు, 2024లో ఏడుగురు. ఆ నలుగుర్లో మండ్య సుమలత గారు, ఈ ఏడుగుర్లో పూర్ణియా పప్పూ యాదవ్, సాంగ్లీ విశాల్ పాటిల్ అప్పటికే పేరో, రాజకీయ కుటుంబమో ఉన్నవాళ్లు. గెలిచినా ఇంకో మెలిక ఉంది. ఇండిపెండెంటుగా గెలిచిన ఎంపీ తర్వాత ఏ పార్టీలో చేరినా రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిషేధం) కింద సభ్యత్వం పోతుంది. ఇది మాత్రం మంచి నియమం.

బెజవాడ_లాయర్

నా ప్రతిపాదన చెబుతాను. డబ్బు అడ్డు తగ్గించి, జనం మద్దతు అడ్డు పెంచాలి. డిపాజిట్ ఐదు వేలు చేయండి, పది సంతకాల బదులు ఐదొందలు అడగండి. లేదా బ్రిటన్‌లా చేయండి. వాళ్లు 1985లో డిపాజిట్ పెంచారు గానీ, తిరిగి రావడానికి కావలసిన ఓట్లు ఎనిమిదో వంతు నుంచి 5 శాతానికి తగ్గించారు. మన ఆరో వంతు త్రిముఖ పోటీలో మంచి అభ్యర్థికి కూడా అందదు.

రిటైర్డ్_డీటీ

డిపాజిట్ తగ్గించడం, ఆరో వంతుని 5 శాతం చేయడం, రెంటికీ నాది సరే. ఐదొందల సంతకాలకు మాత్రం ఒప్పుకోలేనండి. స్క్రూటినీ ఒక్క రోజే. సంతకం తనది కాదని ఒకడు వచ్చి చెబితే చాలు, అభ్యర్థి పని అయిపోతుంది. 2024లో సూరత్‌లో జరిగింది చూశారు కదా. కాంగ్రెస్ అభ్యర్థి ప్రతిపాదకులు ఆ సంతకాలు తమవి కావన్నారు, నామినేషన్ తీసేశారు. అంత పెద్ద పార్టీకే అలా అయితే, ఐదొందల మందిలో ఎవర్నో ఒకర్ని బెదిరించి ఇండిపెండెంట్‌ని తప్పించడం ఎంతసేపు?

ఆ తర్వాత మిగతావాళ్లంతా, ఇండిపెండెంట్లతో సహా, ఉపసంహరించుకున్నారు. బీజేపీ అభ్యర్థి పోలింగ్ లేకుండానే ఎంపీ అయ్యారు. పద్మరాజన్ లాంటివాడు ఒక్కడు, ఎవరేమన్నా వెనక్కి తీసుకోనని కూర్చునేవాడు, ఆ జాబితాలో మిగిలి ఉంటే సూరత్ ఓటర్లందరికీ బూత్‌కి వెళ్లే అవకాశం ఉండేది.

కోనసీమ_కుర్రాడు

ఇది నేను ఆలోచించని కోణం. ఒక్కరే మిగిలినా నోటా ఉంటుంది కదండీ, దానికైనా పోలింగ్ పెట్టాలి కదా?

రిటైర్డ్_డీటీ

పెట్టరండి. ఉపసంహరణ గడువు దాటాక ఒక్క అభ్యర్థే మిగిలితే రిటర్నింగ్ అధికారి వెంటనే ఎన్నికైనట్టు ప్రకటించేయాలి, ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్. నోటా బటన్ పనికి రావాలన్నా బరిలో కనీసం ఇద్దరు మనుషులుండాలి.